కొంగ పిన్ని రేడియో

తుంగ మొలిచిన ఓ మడుగులో కొంగ పిన్ని ఉండేది. మూడేళ్ళు అరకడుపుతో గడిపి, మిగిల్చిన చేపలన్నీ ఇచ్చేసి, దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడే రేడియో పెట్టె ఒకటి తెచ్చుకుంది. తామరాకుల్లో చుట్టి, ఎవరినీ తాకనిచ్చేది కాదు.

ఓ పొద్దున పిచ్చుక వచ్చింది. "పిన్నీ, మొన్నటి గాలివానకి మా అక్క కొండ అవతలికి కొట్టుకుపోయింది. బతికుందో లేదో తెలీదు. అక్కడ చిలకల దగ్గర ఇలాంటి పెట్టె ఉందట. ఒక్కసారి మాట్లాడనీవూ?"

కొంగ పిన్ని గబుక్కున పెట్టెని రెక్క కిందికి లాక్కుంది. కానీ పిచ్చుక మొహం చూసి కాదనలేకపోయింది.

"సరే రావే. ఈ మీట నొక్కి మాట్లాడాలి, వదిలేసి వినాలి. నీ మొరటు కాళ్ళు జాగ్రత్త!"

"నా కాళ్ళా పిన్నీ మొరటువి?" అంటూ పిచ్చుక మీట మీద కాలు పెట్టింది. ఎక్కడ మీట విరుగుతుందోనని కొంగ పిన్ని ఆ కాలి మీద తన కాలు కూడా వేసి పట్టుకుంది.

"అక్కా! నేనే, చిట్టిని!" ఎంత అరిచినా జవాబు లేదు. పిచ్చుక ఏడుపు మొదలెట్టింది.

"మీట వదలవే మొద్దూ! నొక్కి ఉంచితే ఎలా వినపడుద్ది?"

"ఎలా వదలను పిన్నీ, పైన నీ కాలుందిగా!"

కొంగ పిన్ని సిగ్గుపడి కాలు తీసింది. పెట్టె గరగరమంది.

"ఎంతసేపూ నీ అరుపేనా చిట్టీ? నన్నూ మాట్లాడనీవే!" అంది అక్క గొంతు.

కొంగ పిన్ని మెల్లగా నీళ్ళలోకి దిగి, అటు తిరిగి నిలబడింది. వెనక మీట టక్కుమన్నప్పుడల్లా ఒళ్ళు ఝల్లుమనేది. అయినా తిరిగి చూడలేదు.