పాత ఒప్పందం, పదకొండో పేరా

“భార్య, పిల్లలు, తల్లిదండ్రులు. అంతే! మాజీ భార్య ఎక్కడుంది ఇందులో? చూపించు.”

మిల్లు మేనేజర్ రే డూలన్ 2006 నాటి ఒప్పందాన్ని బల్లమీద ముందుకు నెట్టాడు. అయినవాళ్ళు చావుబతుకుల్లో ఉంటే ఇచ్చే సెలవు గురించిన పదకొండో పేరాను టీగన్ చదివింది. నిజంగానే లేదు. ఉద్యోగుల వ్యవహారాలు చూడటానికి బ్రిస్బేన్ నుంచి ఈ చక్కెర మిల్లుకు వచ్చి ఆమెకు మూడు వారాలే అయింది.

“క్లెమ్ అడిగినది రెండు రోజుల సెలవే కదండీ. ఆయన మాజీ భార్య ఇక బతకదన్నారట.”

“చెరకు దిగుతోంది. క్లెమ్ వెళ్తే బాయిలర్ నువ్వు చూస్తావా?”

టీగన్‌కు ఆయన తీరు అర్థం కాలేదు. పోయిన వారం ల్యాబులో పనిచేసే వాల్, మనవడికి జ్వరమంటే, ఈయనే ఏ కాగితమూ తియ్యకుండా అడిగినదానికంటే ఒకరోజు ఎక్కువే ఇచ్చాడు. ముప్పై ఏళ్ళు పనిచేసిన క్లెమ్‌కు మాత్రం పేరాలు చూపిస్తున్నాడు!

బయట బెంచీమీద క్లెమ్ టోపీ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

“గట్టిగా అడగొచ్చుగా?” అంది టీగన్.

“అడిగేశాను. ఆయన కాదంటే ఇంకేం చేస్తాం! నువ్వు మాత్రం ఆయనమీద అరవకు, అమ్మాయ్.”

ఆమె ఇంకా తికమకపడింది. టీ గదిలోకి వెళ్ళేసరికి మాటలు ఠక్కున ఆగిపోయాయి.

“రే ఇంత రాతిగుండె మనిషా?”

వాల్ తలెత్తలేదు. “కొత్తదానివి. నీకెందుకులే, వదిలెయ్.”

అందరికీ భయం కాబోలు అనుకుంది టీగన్. నేరుగా వెళ్ళి ఉద్యోగుల హక్కుల గురించి చెప్పే ప్రభుత్వ సలహా నంబరుకు ఫోన్ చేసింది. అవతలి మనిషి ఓపిగ్గా చెప్పింది: పాత ఒప్పందం ఇంకా అమల్లోనే ఉంది. కానీ చట్టం ఇచ్చే కనీస హక్కుల కంటే తక్కువిచ్చే పేరా ఏదైనా చెల్లదు. ఎక్కువిచ్చేది ఉంటే ఉండనివ్వచ్చు. మాజీ భార్య చట్టం లెక్కలో దగ్గరి కుటుంబమే.

టీగన్ పరుగులాంటి నడకతో రే గదికి తిరిగొచ్చి అంతా చెప్పింది.

రే ఒప్పందాన్ని మూసి పక్కన పెట్టాడు. “ఇరవై ఏళ్ళయింది వాళ్ళు విడిపోయి. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది. పక్కన కూర్చోడానికి ఆ మొగుడు చాలడా?”

“చట్టం ఆ ప్రశ్న అడగదండీ. పైగా క్లెమ్‌ను రమ్మని కబురు పెట్టింది ఆవిడే.”

“అదే నాకు అర్థం కావట్లేదు,” అన్నాడు రే.

కలం తీశాడు. సెలవు కాగితంమీద సంతకం పెట్టడానికి రెండుసార్లు చెయ్యి ఆగింది. మూడోసారి పెట్టేశాడు.

“థాంక్సండీ! ఏ ఆసుపత్రో రాయాలి, క్లెమ్‌ను అడిగొస్తాను.”

“అడగక్కర్లేదు. జిల్లా ఆసుపత్రి. నాలుగో వార్డు, కిటికీ పక్క మంచం.”

టీగన్ కలం ఆగిపోయింది. రే కుర్చీలోంచి లేచాడు.

“రేపు పదింటికి వెళ్ళమను,” అన్నాడు.

“అప్పటిదాకా నా భార్య దగ్గర నేనుంటాను.”