కొరియా, ఎనిమిదో అంతస్తు

కొరియాలో రెండో రోజు పొద్దున్నే సుబ్బలక్ష్మి కర్టెన్ కాస్త పక్కకు జరిపి చూసింది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఆఫీసు బస్సులు బారులు తీరి ఉన్నాయి.

"అమ్మా, కర్టెన్!" కూతురు రసజ్ఞ కసిరింది. "మనం సియోల్లో ఉన్నాం."

"ఉన్నాంలేవే" అని సుబ్బలక్ష్మి కర్టెన్ లాగేసి స్వెట్టర్ గుండీలు పెట్టుకుంది. ఏసీ పదహారులో ఉంది. ఫొటోల్లో ముక్కులు ఎర్రగా రావాలట.

ఇదంతా ఆమె భర్త రామ్మోహనరావు ప్రతిభ. నల్లగండ్లలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే మూడు కుటుంబాలు, మొత్తం పదకొండుమంది, కలిసి కొరియా చూసొద్దామనుకున్నారు. "వీసాకి ఏజెంటెందుకు దండగ? ముప్ఫయ్యేళ్ళు ఫైళ్ళు రాసిన చెయ్యి ఇది" అని పదకొండు దరఖాస్తులూ ఆయనే నింపాడు. పదకొండూ తిరిగొచ్చాయి. ఆ చెయ్యి ఎవరికీ అన్యాయం చెయ్యలేదు.

చిక్కేమిటంటే, అప్పటికే వీడ్కోలు సభ అయిపోయింది. క్లబ్‌హౌస్‌లో శాలువాలు కప్పారు. గేటుకు పదకొండు మొహాలతో ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ కట్టాక ప్రయాణం మానుకోవడమంటే పెళ్లిపీటల మీంచి లేచిపోవడమే. అందుకని సూట్‌కేసులతో సహా అందరికీ చేతులూపి, క్యాబులెక్కి, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓ చుట్టు తిరిగి గచ్చిబౌలిలో దిగారు. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళకు రోజు కిరాయికిచ్చే ఫ్లాట్లవి. ఎనిమిదో అంతస్తులో వారం రోజులకు తీసుకున్నారు.

అక్కడి కేర్‌టేకర్ రాజేందర్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సుబ్బలక్ష్మికి ఆ సంస్కారం నచ్చింది.

"కిటికీ కాడ ఫొటో దిగకుండ్రి అమ్మా, ఎదురుంగ బిర్యానీ హోటల్ బోర్డు పడ్తది" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

సుబ్బలక్ష్మి భయమల్లా ఒక్క మనిషి గురించే. అసోసియేషన్ అధ్యక్షుడు కామేశ్వరరావు. ఆయన నిరుడు స్విట్జర్లాండ్ వెళ్ళొచ్చి, క్లబ్‌హౌస్ తెర మీద మూడు గంటలపాటు ఫొటోలు చూపించాడు. అన్నిట్లోనూ ఆయన మొహమే, ఓ మూలన కాస్త మంచు. అప్పట్నుంచి లిఫ్టులో కనబడ్డప్పుడల్లా, "మీరింకా ఎక్కడికీ వెళ్ళలేదాండీ? పాపం!" అనేవాడు.

ఆ 'పాపం' భరించలేకే ఈ కొరియా. ఇప్పుడు ఆయనకే దొరికిపోతే? అద్దె ఇల్లయితే ఖాళీ చేసి పోవచ్చు. నల్లగండ్లది సొంత ఫ్లాటు. ఆ లిఫ్టులోనే ముసలివాళ్ళు కావాలి.

కొరియా సంస్కృతి బాధ్యత రసజ్ఞది. అక్కడ మనకన్నా మూడున్నర గంటలు ముందు కాబట్టి ఉదయం తొమ్మిదింటికే మధ్యాహ్న భోజనం. కొండాపూర్ నుంచి కిమ్చీ తెప్పించింది.

"పులిసిపోయిన క్యాబేజీకి ఇంత బిల్డప్పా? మా అమ్మయితే గేదెకు పెట్టేది" అన్నాడు రామ్మోహనరావు.

"అది ఎక్స్‌పీరియన్స్ నాన్నా. మొహం అలా పెట్టకు, ఫొటోలో పడుతుంది."

నేల మీద కూర్చుని తినడం, చెప్పులు గుమ్మం బయటే విడవడం, పెద్దలకు వంగి దండం పెట్టడం. ఇవన్నీ సుబ్బలక్ష్మి భీమవరంలో పాతికేళ్ళు చేసింది. అప్పుడది పల్లెటూరితనం. ఇప్పుడు కల్చర్.

నాటకాలకు దుస్తులు అద్దెకిచ్చే కొట్లో హాన్‌బోక్‌లు కూడా దొరికాయి. అవి కొరియా వాళ్ళ పండగ బట్టలు. రామ్మోహనరావు వెడల్పాటి నల్ల టోపీ పెట్టుకుని రాజభవనం ముందు నిలబడ్డాడు. రాజభవనాన్ని లింగంపల్లిలో ఫ్లెక్సీ మీద అచ్చేయించారు. దాని కొస పైకి చుట్టుకుపోతుంటే వాళ్ళతో వచ్చిన పక్కింటి ఉదయ్ భాస్కర్ కాలితో తొక్కిపట్టాడు.

"నవ్వండి అంకుల్" అన్నాడు.

"వీధి భాగవతంలో వేషగాడిలా ఉన్నాను. ఏం చూసి నవ్వనయ్యా?"

ఐదో రోజు ఆ ఫొటో అపార్ట్‌మెంట్ గ్రూపులోకి ఎక్కింది. రెండు నిమిషాల్లో మూడో అంతస్తు రాజరాజేశ్వరి అందుకుంది.

"రాజుగారి కోట గోడకు ప్లగ్ పాయింటేమిటండీ సుబ్బలక్ష్మిగారూ? అచ్చం మా వంటింట్లోదిలాగే ఉందే!"

పదకొండుమందీ ఒక్క ఫోన్ మీదికి వంగారు. ఫొటో పెద్దది చేసి చూశారు. ఫ్లెక్సీ అంచు పక్కన మూడు కన్నాలూ నిక్షేపంగా ఉన్నాయి. జవాబు రాసి, చెరిపేసి, మళ్ళీ రాస్తుండగా గ్రూపులోకి కామేశ్వరరావే వచ్చాడు.

"రాజరాజేశ్వరిగారూ, విదేశాల్లో టూరిస్టుల కోసం అన్ని దేశాల ప్లగ్గులూ పెడతారు. వెళ్ళినవాళ్ళకు తెలుస్తుంది. సుబ్బలక్ష్మిగారూ, ఫొటోలు ఇంకాస్త దగ్గర్నుంచి తీయించుకోండి. మొహాలు బాగా వస్తాయి."

అది చదివి సుబ్బలక్ష్మి మంచం మీద కూలబడింది.

"కనిపెట్టేశాడండీ!"

"వెనకేసుకొచ్చాడు కదే!"

"పిల్లి ఎలకను దొరగ్గానే మింగుతుందా? కాసేపు ఆడించదూ? మనల్ని మీటింగులో నలుగురి ముందూ పెట్టి తింటాడు."

మిగిలిన రెండు రోజులూ ఆమె ఫొటో దిగలేదు. కిమ్చీ ముట్టలేదు. స్వెట్టర్ మాత్రం విప్పలేదు, అది నిజంగానే చలి.

తిరుగు ప్రయాణం రోజు మిగతా రెండు కుటుంబాలూ కిందికి దిగాయి. సుబ్బలక్ష్మి ఒక్కతే లిఫ్టు ముందు సూట్‌కేసు మీద కూర్చుని కదలనంది. రామ్మోహనరావు బతిమాలాడు. రసజ్ఞ గదిమింది. సామాను కోసం పైకొచ్చిన రాజేందర్ కంగారుపడ్డాడు.

"ఏందమ్మా, జర పాణం మంచిగ లేదా? దవాఖానకు పోదామా?"

"నా పాణానికేం, బాగానే ఉంది" అంది కళ్ళొత్తుకుంటూ. "మా నల్లగండ్ల అసోసియేషన్ కామేశ్వరరావుగారికి మా సంగతి తెలిసిపోయిందయ్యా. ఆయన ముందుకు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

రాజేందర్ హమ్మయ్య అనుకుని, సూట్‌కేసు లిఫ్టులోకి తోస్తూ అన్నాడు: "ఇగ దీనికి గింత ఫికరా అమ్మా, నిరుడు గా సారు స్విట్జర్లాండ్ పోయింది గూడ గీ ఫ్లాట్లకే గద!"