పులి టోపీ

"ఏ అమ్మా, బాజూకు జరుగు! లైవ్ నడుస్తుంది!"

రితేశ్ అరుపుకు ఆ ఆడమనిషి బెదిరి వెనక్కి తగ్గింది. తలకు సిమెంటు మరకల తువ్వాలు, చేతిలో గుడ్డసంచి.

ముంబైలో ఫాక్‌లాండ్ రోడ్డు సినిమాహాలు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. డప్పులు, టపాకాయలు, టబ్బుల నిండా పాల ప్యాకెట్లు. హీరోగారి కటౌటు పక్కనున్న కూలీల చాల్ మేడ కంటే ఎత్తుగా ఉంది.

కామాటిపుర తెలుగు అభిమాన సంఘానికి రితేశ్ అధ్యక్షుడు. ఈ మధ్యే తండ్రి కూడా అయ్యాడు. రెండు పదవులూ ఒక్కచేత్తో మోస్తున్నానని అతనికి మహా గర్వం.

కొడుకు నెలలు నిండకుండా పుట్టి, ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నాడు. అయితేనేం, వాడి నెత్తిన కొత్త సినిమా గుర్తు, పులిబొమ్మ టోపీ! ఆ ఫొటో కటౌటు పక్కన ఫ్లెక్సీకెక్కింది. కింద 'పుట్టుకతోనే అభిమాని' అని ఇంత లావు అక్షరాలు.

జేబులో ఫోను మోగింది. భార్య మయూరి.

"బాబుకు పాలు ఇంకా రాలేదు. జల్ది రా."

"దవాఖానోళ్లే ఇస్తరు గదా, రోజూ ఇస్తలేరా? అభిషేకం అయినంక వస్త."

"ఏడుస్తున్నడు రితేశ్."

"పులి గదా, గర్జిస్తడు!"

లైవ్ తీస్తున్న బంటీ పగలబడి నవ్వాడు. రితేశ్ ఫోను కట్ చేశాడు.

"అన్నా, జర తొవ్వ ఇయ్యుండ్రి. దవాఖానకు పోవాలె." ఆ ఆడమనిషే మళ్లీ.

పాలమూరు యాస. పక్క సందులో పాత చాల్ పడగొట్టి కడుతున్న బిల్డింగులో కూలి.

"అభిషేకం కానీ. అప్పుడు పో."

ఆమె టబ్బుల వైపు చూసింది. "గిన్ని పాలు మట్టిల పోస్తరా అన్నా?"

"నీ బర్రె పాలా? నీకెందుకు?"

ఆమె పక్కకు తిరిగి, ఫ్లెక్సీ ముందు ఆగిపోయింది. పులి టోపీని చూసేసరికి ఆ ఎండిన ముఖంలోకి ఎక్కడలేని సంతోషం వచ్చింది. ఫొటోలో పిల్లాడి బుగ్గను వేలితో తాకింది.

"గీ పోరడు నీ కొడుకా అన్నా?"

"చెయ్యి తియ్!"

"జర తేరుకున్నడు. బుగ్గలొచ్చినయి."

రితేశ్ ఉలిక్కిపడ్డాడు. "నీకెట్ల తెలుసు?"

"దినాం అద్దంలకెల్లి చూస్త. నా బిడ్డ గూడ గా పక్క పెట్టెలనే ఉండె." వేలు వెనక్కి తీసుకుంది. "దక్కలే అన్నా."

అంత డప్పుల మోతలోనూ ఆ మాట రితేశ్ చెవిన స్పష్టంగా పడింది. బిడ్డ చచ్చిన ఆడది రోజూ తన కొడుకును చూస్తోందా! అమ్మ తారాబాయి చెప్పనే చెప్పింది, పసివాడి ఫొటో బజారులో పెట్టకురా, దిష్టి తగులుతుందని.

"నీ బిడ్డను మింగింది సరిపోలేదా? నా కొడుకు మీద నజర్ పెడ్తవా?"

"గట్లనకు అన్నా. నేను..."

"నోర్ముయ్! ఆ అద్దాల గది కాడ మళ్ల కనబడ్డవంటే మంచిగుండదు. దవాఖాన మెట్లు ఎక్కకు నువ్వు!"

ఆమె ఏదో చెప్పబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బంటీ కళ్లు ఆమె రవికె మీద పడ్డాయి. ముందువైపు తడిసి ఉంది.

"అరే, ఈమెకు అప్పుడే అభిషేకం అయిపోయింది రో!"

అందరూ విరగబడి నవ్వారు. ఇంకా ఒక్క ప్యాకెట్టు కూడా చింపలేదన్న సంగతి ఏ మహానుభావుడికీ తట్టలేదు.

ఆమె కొంగు నిండా కప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

తర్వాత పాలు హీరోగారి నెత్తిమీంచి కారి, గట్టర్లోకి పోయాయి. లైవ్‌కు లైకులే లైకులు. మొదటి ఆట చూసి, ఈలలు వేసి వేసి గొంతు పోగొట్టుకుని, రితేశ్ ఆస్పత్రికి చేరాడు. ఒళ్లంతా పాల కంపు.

మయూరి అతని ముఖం కూడా చూడలేదు. అద్దం అవతల కొడుకు ఏడుస్తున్నాడు. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు, సన్నగా.

ఆయా నర్సమ్మ కామాటిపుర మనిషే. రితేశ్ ఆమె వెంటపడ్డాడు.

"డబ్బా పాలు తెస్త మౌసీ. ఏది మంచిదో చెప్పు."

"డాక్టర్ వద్దన్నడు బిడ్డా. వాని పేగులు ఇంకా కచ్చా. తల్లిపాలే అరుగుతయి. మయూరికేమో పడలేదు. మన దవాఖాన తల్లిపాల బ్యాంకు ఖాళీ. ఇన్ని దినాలు ఒక్క మనిషి వచ్చి పిండి ఇస్తుంటే నడిచింది. ఇయ్యాల ఆమె రాలే."

"ఎవరామె? ఎక్కడుంటది? కాళ్లు మొక్కి తీసుకొస్త!"

"చంద్రమ్మ అని, కూలి పని. ఇక్కడనే బిడ్డ పోయింది. మగడు ఊరికి పోదామంటే, 'పులి టోపీ పోరడు ఇంటికి పోయేదాంక ఉంట' అని మొండికేసింది. ఎవరి పాలో తల్లిదండ్రులకు చెప్పద్దని సిస్టర్ కానూను. అందుకే మీకు తెల్వదు."

రితేశ్ చేతులు జిగటగా ఉన్నాయి. చొక్కాకు తుడుచుకున్నాడు. చొక్కా కూడా జిగటే.

"ఫోన్ చెయ్ మౌసీ. నీకు దండం పెడ్త, ఫోన్ చెయ్."

"చేసిన. ఊరికి పోయే రైల్ల ఉంది." నర్సమ్మ పక్కబట్ట మడతపెడుతూ, అతని వైపు చూడకుండానే చెప్పింది. "'పోరని నాయినే రావద్దన్నడు అవ్వా, నా నజర్ తాకుతదంట, వాడు సల్లగుండాలె' అన్నది."