కోర్టుపెట్టె ముందు గవరమ్మ

జడ్జీకి బదులు సర్కారు ఊరూరా పాలకేంద్రంలో పెట్టిన మాట్లాడే కోర్టుపెట్టె, పాలు కొలిచేలోగా తీర్పు చెప్పేస్తోందని పొరుగింటి సింహాచలమ్మ చెప్పింది. అది విని గవరమ్మ, మొగుడు పోయాక మరిది దున్నేసుకున్న అరెకరం కోసం, కోడల్ని వెంటబెట్టుకుని పాలకేంద్రానికి వచ్చింది.

"భర్త పేరు చెప్పండి," అంది గోడమీది పెట్టె.

గవరమ్మ తల దించుకుంది. పెళ్లయిన నలభై ఏళ్లలో మొగుడి పేరు ఆమె ఎన్నడూ పలకలేదు.

"మూడుసార్లు అడిగి కేసు కొట్టేస్తాదత్తా, చెప్పీ! సిగ్గుకి మడి రాసిచ్చేస్తావేటి?" అంది కోడలు.

"అప్పలకొండ," అంది గవరమ్మ. పాలక్యాన్లతో నిలుచున్నవాళ్లు మాటలాపేశారు.

"భూమి ఆయన పేరనే ఉంది. చనిపోయినట్టు నమోదు లేదు. ఆయన్నే పిలవండి."

గవరమ్మ పెట్టెకేసి చూసింది.

"ఇప్పుడే పిలిచినాను కదా, రానేదు. నువ్వోపాలి పిలు."