వేడి నిలిపే పెట్టె

సాయంత్రం పెట్టెలు తెరిచే వేళకి పెద్దల్లుడు అందరికంటే ముందే వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

పెట్టెలు రెండూ పైకి ఒకేలా ఉన్నాయి. గోడల నడుమ ఏం కూరారన్నదే తేడా. పొద్దున పోసిన సూపు ఎవరి పెట్టెలో ఎక్కువ వేడిగా ఉంటే కార్ఖానా తాళాలు ఆ అల్లుడికేనని మావగారు మాటిచ్చారు.

పెద్దల్లుడు గొర్రె ఉన్ని కూరాడు. అదిమితే లోపలి గాలి పోతుందని వదులుగా ఉంచాడు. ఇన్నేళ్ల చాకిరీలో పట్టుబడిన కిటుకు అది. చిన్నల్లుడు ఫోము ముక్కలు పేర్చాడు. నిన్నగాక మొన్న వచ్చినవాడు. వాడు తుమ్మినా మావగారికి ముద్దే. "కొత్త సరుకు వాడాడు, చూశారా," అని నలుగురిలో మెచ్చుకున్నారు కూడా. అదీ, ఇంకా సూపు పోయకముందే.

ఆ ఫోము ముందు తన ఉన్ని పెద్దల్లుడికి ఎందుకూ పనికిరాదని గట్టిగా తోచింది. పొద్దుటి పలహారం ముట్టలేదు.

మధ్యాహ్నం దాటాక మాత్రం మనిషి తేలికపడ్డాడు.

"పొద్దున మొహం మాడ్చుకు కూర్చున్నారు. ఇప్పుడేంటి ఈ హుషారు?" అంది భార్య.

"గెలిచేవాడు ఏడుస్తాడా ఏంటి?"

మావగారు మూతల మీది పేర్లు చదివి, ముందు పెద్దల్లుడి పేరున్న పెట్టె తెరిచారు. థర్మామీటరు ముంచి పెదవి విరిచారు.

"గోరువెచ్చగా ఉందయ్యా, అంతే."

రెండో పెట్టె మూత తీయగానే ఆవిరి ఆయన కళ్లజోడుని కమ్మేసింది. తుడుచుకుంటూనే నవ్వారు.

"నేనే నమ్మలేకపోతున్నా మావయ్యా. అన్నయ్య పెట్టే గెలుస్తుందనుకున్నా," అన్నాడు చిన్నల్లుడు. వినయం కూడా ఎక్కువే వాడికి.

"నీ ఫోముదే గెలుపు. ఇవిగో," అంటూ మావగారు తాళాల గుత్తి వాడి చేతిలో పెట్టారు.

పెద్దల్లుడి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఎవరితో చెప్పుకుంటాడు?

మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచినప్పుడు, ఆ రెండు మూతల మీది పేర్లూ ఊడదీసి, ఒకదాని చోట ఒకటి మార్చి అంటించింది తనే.