పన్నెండో నడక

"మూలలు ఊడవకుండానే బిళ్ళ తెచ్చి నా తలుపుకి ఎలా తగిలించావే?"

రోస్వితా చేతిలో అరచేయంత చెక్కబిళ్ళ ఉంది. అది ఎవరి తలుపుకి వేలాడితే ఆ వారం మెట్లూ వాకిలీ ఊడ్చే వంతు వాళ్ళది. శనివారం పని ముగించాకే పక్క వాటాకి మార్చాలి. స్టుట్‌గార్ట్ శివారు ఊల్‌బాఖ్‌లో ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు.

"ఊడ్చానమ్మా!" పై వాటాలోంచి కూతురు ఆనెగ్రెట్ అరిచింది.

"మరి మూడో మెట్టు మూలన ఆకేమిటి?"

"అది నేను ఊడ్చాక రాలింది. చెట్టునడుగు."

"చెట్టుకి వంతు లేదు. నీకుంది."

అల్లుడు ఫోల్కర్ చెత్తబుట్ట పట్టుకుని మెల్లగా జారుకున్నాడు.

చివరికి రోస్వితాయే చీపురందుకుంది. పొద్దున లైబ్రరీ దాకా వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆ ఉక్రోషమంతా ఆకు మీద పడింది.

ఆమె భర్త గెరోల్డ్ గుండె జబ్బు మనిషి. అయినా ఆదివారం వస్తే ఇద్దరూ నడకకి బయల్దేరేవారు. లైబ్రరీ బల్ల మీద నడక కాగితాలుండేవి. గైడూ గుంపూ అక్కర్లేదు. ఒక్కో శివారు పేటకి ఒక్కో కాగితం. 'రొట్టెల కొట్టు దాటి ఎడమకి తిరగండి, ఆ నీలం కిటికీ చూడండి' అంటూ పక్కన నడుస్తున్నట్టే దారి చెప్పేది. రాసినవారి పేరుండదు. రెండు వందల అడుగులకోసారి మాత్రం 'ఇక్కడ కాసేపు కూర్చోండి' అని ఉండేది.

"ఈయనెవరో పొడుగాటి బడిపంతులు. బెంచీల పిచ్చోడు" అని గెరోల్డ్ నవ్వేవాడు.

ఆ బెంచీలే లేకపోతే ఆయన మొదటి మలుపు కూడా దాటగలిగేవాడు కాదు.

మొత్తం పన్నెండు నడకలు. పదకొండు పూర్తి చేశారు. పన్నెండోది సొంత ఊల్‌బాఖ్‌ది. అది అచ్చయి రాకముందే గెరోల్డ్ వెళ్ళిపోయాడు.

"అదొచ్చాక నువ్వొక్కదానివైనా నడువు, రోజీ. మన వీధిలో ఎక్కడ కూర్చోమంటాడో చూడాలి."

ఆసుపత్రి మంచం మీద అన్న మాట. రెండేళ్ళుగా ఆమె నెలనెలా లైబ్రరీలో అడుగుతూనే ఉంది.

ఊడ్చి నడుమెత్తేసరికి మెట్టు మీద ఎవరిదో బూటు.

పొట్టి మనిషి. ఒక బూటు అడుగు రెండోదానికన్నా మందంగా ఉంది. చేతిలో నోటు పుస్తకం. ఇంటి ముందు తచ్చాడుతూ ఈ వారంలో కనబడ్డం ఇది మూడోసారి.

"కాలు తీయండి! ఇప్పుడే ఊడ్చాను."

"క్షమించండమ్మా." అతను కాలు తీశాడు. ద్రాక్షతోట బురద మెట్టు మీద మిగిలింది. "మీ పెరట్లోంచి తోటలకి ఒక దారుండేది కదా?"

"ఉంది. గేటుంది, తాళమూ ఉంది. ఇంటివాళ్ళకే."

"చుట్టూ తిరిగితే నిట్టనిలువుగా ఎక్కాలమ్మా. ఒక్కసారి ఇటునుంచి వెళ్ళి చూస్తాను."

"ఇవాళ ఒక్కసారంటారు. రేపు పదిమందిని వెంటేసుకొస్తారు."

అతను ఆలోచించి, "రావచ్చు" అన్నాడు.

"వచ్చిన వాళ్ళ బురద ఊడ్చేదెవరు? మీరా?"

"చీపురిస్తే ఊడుస్తాను" అని నవ్వాడు.

రోస్వితా నవ్వలేదు. అతను జేబురుమాలు తీసి, వంగి, మెట్టు మీద బురద తుడిచి, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఎవరమ్మా?" ఆనెగ్రెట్ కిటికీలోంచి అడిగింది.

"ఎవరో. పుస్తకంలో ఏవో రాసుకుంటున్నాడు. గేటు తాళం సరిగ్గా ఉందో లేదో చూడు."

ద్రాక్ష కోతలయ్యాయి. మంచు పడింది, కరిగింది. అతను మళ్ళీ రాలేదు.

మార్చిలో ఒక శనివారం లైబ్రరీ ఉద్యోగిని హేబర్లె ఎప్పట్లా తల అడ్డంగా ఊపలేదు. బల్ల వెనకనుంచి లేచి వచ్చింది.

"పన్నెండోది ఇక రాదు, రోస్వితా గారూ. రాసినాయన చలికాలంలో పోయారట. మేమూ ఆయన్నెప్పుడూ చూడలేదు, పోస్టులో పంపేవారు. చెల్లెలు చిత్తుప్రతి తెచ్చిచ్చింది, సగమే ఉంది. మీరడిగినన్ని సార్లు ఇంకెవరూ అడగలేదు. ఈ నకలు మీరుంచుకోండి."

రోస్వితా బయట బెంచీ మీద కూర్చుని చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె పళ్ళెంలో బంగాళాదుంప సలాడ్ అలాగే ఉంది.

"తినమ్మా. సాసేజ్ చల్లారిపోతోంది."

రోస్వితా చెక్కబిళ్ళ తీసి గిన్నెల మధ్య పెట్టింది.

"వచ్చే వారం నుంచి ఇది ఎవరి దగ్గరుంటే వాళ్ళు పొద్దున్నే పెరటి గేటు తాళం తీయాలి. చీకటి పడ్డాకే వేయాలి. ఫోల్కర్, గేటు పక్కన ఒక బెంచీ కావాలి."

"ఊరంతా మన వాకిట్లోంచే పోతారత్తయ్యా!"

"పోనీ."

"మరి బురదో?" అంది ఆనెగ్రెట్.

"నేను ఊడుస్తాను."

"నీ వంతు కాకపోయినా?"

"కాకపోయినా."

ఆనెగ్రెట్ ఫోర్కు కింద పెట్టింది. "ఎవరికోసమమ్మా ఇదంతా?"

రోస్వితా కాగితం ఆమె వైపు జరిపింది. ఆనెగ్రెట్ ఆఖరి వాక్యాలు పైకి చదివింది.

"'పద్నాలుగో నంబరు ఇంటి పెరటి గేటులోంచి వెళ్ళండి, గుండె బలం లేనివాళ్ళూ తోట దాకా రాగలరు.'"

అది మన ఇల్లే కదా అన్నట్టు తల్లి వైపు చూసి, దాని కింద వంకరగా రాసుకున్న వాక్యం దగ్గర ఆమె గొంతు తగ్గించింది.

"'ఇవాళ ఆవిడ అప్పుడే మెట్లు ఊడ్చింది, నా బురద కాలు చూసి కోప్పడింది, తప్పు నాదే, బూట్లు శుభ్రంగా తుడుచుకుని మళ్ళీ వెళ్ళి అడగాలి.'"