కాగితంలో పేరు

అనసూర్య పొరక పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"మల్లా వచ్చినవా తాతా? పొద్దుగాల పొద్దుగాల నీకు వేరే ఇల్లే దొరకలేదా?"

గడప అవతల బాలమల్లు నిలబడి ఉన్నాడు. భుజాన ఖాకీ సంచి. చేతిలో ఒక తెల్ల కాగితం.

"ముత్యం ఉన్నడా బిడ్డా?"

శ్రీరాంపూర్ కాలనీలో బాలమల్లును పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. సావుకాగితం తాత అంటారు. బొగ్గుబాయి పనికి పోయే పడుచువాడు ఎవడు కనబడినా ఆయన అడిగేది ఒకటే మాట.

"నామినీ కాగితంల ఎవల పేరు రాసినవ్?"

బాయిలో మనిషి పోతే అతని పని, పైసలు ఎవరికి రావాలో చెప్పే కాగితం అది.

ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. బాయి గేటు ముందు పోచవ్వ చాయ్ హోటల్ ఉంది. ఆ అరుగే ఆయన ఇల్లు.

ముత్యం తువ్వాల దులుపుకుంటూ బయటికి వచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు. పెళ్లయి రెండేళ్లు. ఆరు నెలల ఆడపిల్ల.

"ఎన్నిసార్లు చెప్పాలె తాతా? పనిల చేరిన్నాడు మా అన్న పేరు రాసిచ్చిన. అప్పటికి నాకు పెండ్లి గాలే."

"ఇప్పుడైంది గదా. అన్న పేరు తీసేసి పెండ్లాం పేరు రాయాలె. అంతా నింపుకొచ్చిన. నీ సంతకం ఒక్కటే తక్కువ."

ముత్యం నవ్వాడు.

"ఇరవై నాలుగేండ్లకే సావు కాగితమా? ముందుగాల నీ పేరు రాయించుకో. యముడు నీ ఎంబడే తిరుగుతుండు."

బాలమల్లు నవ్వలేదు.

"నా పేరు ఎప్పుడో రాసి ఉన్నది బిడ్డా."

అనసూర్య పొరక ఎత్తింది.

"సాలు తాతా! పుస్తె కట్టుకున్నదాని ముంగట గివేం మాటలు? పో ఈడికెల్లి!"

గడప ముందర విసవిసా ఊడ్చింది. దుమ్మంతా ముసలాయన కాళ్ల మీద పడింది.

ఆయన కదల్లేదు. వంగి కాగితాన్ని గడప మీద పెట్టాడు. ఎగిరిపోకుండా పైన చిన్న బొగ్గు పెళ్ల ఉంచాడు.

"ఐతారం నాడు సంతకం పెడత తియ్ తాతా. గంత పరేషాన్ గాకు," అన్నాడు ముత్యం.

ఆయన అటు పోగానే అనసూర్య ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి మొగుడికి దిష్టి తీసింది. పొయ్యి రాజుకోవాలంటే ఏదైనా కావాలి. గడప మీది కాగితం నలిపి బొగ్గుల కింద పెట్టి అగ్గిపుల్ల గీసింది. మిరపకాయలు అందులో వేసింది.

ఘాటు రాలేదు.

"సూసినవా, ఎంత దిష్టి ఉన్నదో!" అంది.

ముత్యం నవ్వుకుంటూ బాయికి పోయాడు.

ఆ ఐతారం ముత్యంకు రాలేదు. శుక్రవారం మొదటి షిఫ్టులో బాయి లోపల పైబండ అతని మీద కూలింది.

పదకొండు రోజులు గడిచాక అనసూర్య పిల్లను ఎత్తుకుని ఆఫీసుకు పోయింది. గుమాస్తా ఫైలంతా తిరగేశాడు.

"ఈ ఫైల్ల నీ పేరు లేదమ్మా."

"నేను ఆయన పెండ్లాన్ని సారూ."

"కాగితం ప్రకారం ముత్యంకు పెండ్లే కాలే."

చంకలోని పిల్ల గుమాస్తా కలం కోసం చేయి చాపింది.

మరునాడు ఊరి నుంచి బావ భూమన్న వచ్చాడు. పిల్ల వైపు చూడకుండా చెప్పాడు.

"నేనేం జెయ్య అనసూర్యా? నాకూ నలుగురు పిల్లలు. తమ్ముడు నా పేరు రాసిండు, పని నాకే ఇస్తరట. పనెవలిదైతే క్వార్టరు వాల్లది. ఐతారం లోపల సామాన్లు సదురుకో."

"ఈ పోరిని పట్టుకొని ఏడికి పోవాలె బావా?"

భూమన్న చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

అప్పుడు గుర్తొచ్చాడు సావుకాగితం తాత. ఐతారం నాడు సంతకం పెడతానని ముత్యం ఆయనతోనే అన్నాడు. ఆ మాట ఆఫీసులో ఆయన వచ్చి చెబితే వింటారేమో. కాగితం ఏమైందని అడిగితే మాత్రం ఏం చెప్పాలి? అది పొయ్యిలో కాలిన సంగతి తనకొక్కదానికే తెలుసు.

కాళ్ల మీద పడైనా అడగాలని పిల్లతో పోచవ్వ హోటల్‌కు ఉరికింది.

అరుగు ఖాళీగా ఉంది.

"తాతేడి పోచక్కా?"

పోచవ్వ చాయ్ గ్లాసులు కడగడం ఆపింది.

"నీకు తెల్వదా బిడ్డా? మీ ఆయన పోయిన్నాడు గేటు కాడ కూలబడ్డడు. మల్ల లేవలే. ఒక్క సంతకం, ఒక్క సంతకం అనుకుంటనే మూడొద్దులకు పానం ఇడిసిండు."

అనసూర్య అరుగు మీద చతికిలబడింది. ఆయన కాళ్ల మీద పడిన దుమ్ము కళ్ల ముందు మెదిలింది.

"ఆయనకు ఎవలూ లేరా అక్కా?"

"ఒక్క కొడుకుండెనట. ఆసిఫాబాద్ దిక్కు బాయిల సచ్చిపోయిండట, పద్నాలుగేండ్లయితుంది. ఆ పిలగాడు గూడ పెండ్లాం పేరు రాయలేదట. కాగితంల పేరున్నోడు ఇల్లు నాదన్నడట. బాలింత అని సూడకుంట కోడలిని బయటికి నూకిండట. తల్లీబిడ్డ ఏడికి పోయిండ్లో అంతే లేదు. వాల్లను ఎతుక్కుంటనే ముసలాయన గిట్ల అయిండు."

"ఎవడక్కా గా పాపిష్టోడు?" అంది అనసూర్య. గొంతులో భూమన్న మీది కోపం కూడా ఉంది.

"గదే ఎన్నడు చెప్పలే. అడిగితే తల దించుకునేటోడు."

పోచవ్వ లోపలికి పోయి ఖాకీ సంచి తెచ్చింది.

"నాకు సదువు రాదు. ఇండ్ల ఏమున్నదో జర సూడు బిడ్డా."

సంచి నిండా తెల్ల కాగితాలు. దేని మీదా సంతకం లేదు. అన్నిటికీ అడుగున, గుడ్డలో చుట్టిన ఒక పసుపుపచ్చని పాత కాగితం ఉంది. దాని కింద సంతకం ఉంది. అది ముసలాయన కొడుకుది.

నామినీ అన్నచోట వేలు పెట్టి అనసూర్య కూడబలుక్కుని చదివింది.

"బాలమల్లు. తండ్రి."